పాత క్యాసెట్టా, కంప్యూటర్ డిస్కా, పీఎస్2 డిస్కా: ఏది కొంటే మేలు?

పోయిన నెల విజయనగరం గంటస్తంభం దగ్గర్లో ఒక పాత సామాన్ల కొట్టులో నాకు ఓ గుడ్డసంచి దొరికింది. లోపల ఏడు వీడియో గేమ్ క్యాసెట్లు. మూడొందలకి ఇచ్చేస్తూ, “ఇంకా ఇవి ఆడేవోళ్లు ఉన్నారేటి బాబూ?” అని నవ్వాడు కొట్టాయన.

ఇంటికొచ్చి ఒక పసుపు క్యాసెట్ స్క్రూలు విప్పాను. బోర్డు మీద కాళ్లున్న చిప్ లేదు, తారుబొట్టు లాంటి నల్లముద్ద ఉంది. అది కనబడితే చాలావరకు కాపీ సరుకే. పిన్నులకు చిలుము పట్టింది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి పెడితే, రెండోసారికి 1984 నాటి బైక్ రేసు గేమ్ ఎక్సైట్‌బైక్ వచ్చేసింది. చిన్నప్పుడు మనం ఊది పెట్టేవాళ్లం కదా, ఆ నోటి తడే పిన్నులను పాడుచేస్తుంది.

ఆడుకోడానికి వీటిని మించినవి లేవు. అమ్ముదామంటే మాత్రం కాపీలకు కలెక్టర్ల దగ్గర విలువ తక్కువ. అసలు ఒరిజినల్ స్పోర్ట్స్ గేములకే ధర పెద్దగా పలకదు, ఏటా కొత్తది వస్తుంటే పాతది ఎవరికి కావాలి? 1987లో అమెరికాలో వచ్చిన స్టేడియం ఈవెంట్స్ లాంటివి వేరు. అది కొద్దిగా అమ్ముడయ్యాక షాపుల నుంచి వెనక్కి తీసుకుని, వేరే పేరుతో మళ్లీ తెచ్చారు. అందుకే దానికంత రేటు.

ఇక క్రికెట్. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టు కెప్టెన్ విజ్జీ ఊరు మాది, క్రికెట్ లేకుండా కలెక్షన్ ఏమిటి! 2006 చివర్లో వచ్చిన ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07 కంప్యూటర్‌కీ ఉంది, పీఎస్2కీ (టీవీకి తగిలించే సోనీ ప్లేస్టేషన్ 2 గేమ్ మిషన్) ఉంది. ఈఏ కంపెనీ మళ్లీ ఆ వరుసలో క్రికెట్ గేమ్ తీయలేదు కాబట్టి దాని మీద మోజు తగ్గలేదు. కానీ కంప్యూటర్ డిస్క్ కొంటే పెట్టడానికి ఇప్పటి ల్యాప్‌టాప్‌లో డ్రైవే ఉండదు. పైగా ఆ కాలపు చాలా గేముల్లో ఉన్న సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ విండోస్ 10లో పనిచెయ్యదు. గేమ్ ఎక్కించేటప్పుడు అడిగే కోడ్ (కీ) ముద్రించిన మాన్యువల్ పోతే ఇక అది అలంకారానికే.

నా ఓటు పీఎస్2 డిస్క్‌కి. పెట్టగానే ఆడుతుంది, డబ్బా, మాన్యువల్ ఉంటే మళ్లీ అమ్ముడవుతుంది. కొనేముందు మధ్య రంధ్రం చుట్టూ పగులుందేమో, మిషన్ రీజియన్‌కి (అది ఏ ప్రాంతం కోసం చేసిందో దానికి) సరిపోతుందో లేదో చూసుకోండి.

అన్నట్టు, ఆన్‌లైన్లో 1992 నాటి ఇంటర్నేషనల్ క్రికెట్ క్యాసెట్ కనబడితే తొందరపడకండి. ఆస్ట్రేలియాలో వచ్చిన ఆ క్యాసెట్‌కి 72 పిన్నులు, మన పాత టీవీ గేమ్ మిషన్లకి 60. అడాప్టర్ లేకుండా లోపలికి దూరదు.