కారు సీనుకు ఏది మేలు: లో-లోడరా, గ్రీన్ మ్యాటా, ఎల్ఈడీ తెరా?

తెర మీద కారు నడుపుతూ కబుర్లు చెప్పే నటుడు చాలాసార్లు ఆ కారు నడపడు. డైలాగు, కెమెరా, ఎదురొచ్చే లారీ మూడింటినీ ఒక్క మనిషే చూసుకోవడం ప్రమాదం. అందుకే ఇన్ని దొంగాటలు.

వీటిలో పాతది బ్యాక్ ప్రొజెక్షన్. 1930ల నుంచి హాలీవుడ్ దీన్ని విరివిగా వాడింది. కారును స్టూడియోలో నిలబెట్టి, ముందే తీసిన రోడ్డును వెనకున్న తెర మీద వేసేవారు. ఈ రోజు చూస్తే నవ్వొస్తుంది. కారు చెట్ల వరుస పక్క నుంచి పోతుంటుంది, హీరో ముఖం మీద ఒక్క నీడ కూడా పడదు! ఏ పద్ధతినైనా నేను ముందు చూసేది ఇదే: ముఖం మీద వెలుతురు కదులుతోందా, లేదా?

ఆ లెక్కన పగటి సీనుకు లో-లోడర్‌ను కొట్టేది లేదు. నేలకు బాగా దిగువగా ఉండే ట్రైలర్ మీద కారు ఎక్కించి లాగుతారు. ఎత్తుగా ఉంటే కిటికీలోంచి పక్క కార్ల పైకప్పులు కనబడి గుట్టు రట్టవుతుంది. నీడలు, అద్దాల మీద ఆకాశం, మలుపులో ఒళ్లు ఒరగడం అన్నీ వాటంతటవే వస్తాయి. కష్టం ఎక్కడంటే, రోడ్డుకు అనుమతి కావాలి, ప్రతి రీటేక్‌కూ బండిని మొదటికి తీసుకెళ్లాలి, ఈలోపు ఎండ మారిపోతుంది. గాలి చప్పుడు వల్ల డబ్బింగ్ కూడా తప్పకపోవచ్చు.

గ్రీన్ మ్యాట్ అంటే స్టూడియోలో కారు వెనక పచ్చ తెర కట్టి తీసి, ఆ పచ్చ చోట తర్వాత కంప్యూటర్‌లో రోడ్డును అతికించడం. దీన్ని ఎంచుకునే చోట తరచూ వినిపించే మాట, "తర్వాత సీజీలో చూసుకుందాం". నటుడికి హాయి, మాట శుభ్రంగా రికార్డవుతుంది, వెనక ఊరునైనా తర్వాత మార్చుకోవచ్చు. కానీ కారంటేనే అద్దాలు, మెరిసే రంగు. వాటన్నిటి మీదా పచ్చదనం అంటుకుంటుంది. దాన్ని తుడిచి, అసలు ఉండాల్సిన ప్రతిబింబాలను మళ్లీ అద్దాల మీద పెట్టాలి. రోడ్డు ప్లేట్లు (వెనక వేయడానికి విడిగా తీసే రోడ్డు దృశ్యాలు) తీసిన కెమెరా ఎత్తు, కోణం, లెన్స్ స్టూడియో షాట్‌తో కలవకపోతే కారు తేలుతున్నట్టు ఉంటుంది. షూటింగ్ రోజున మిగిలిన డబ్బు చాలాసార్లు ఇక్కడే కరుగుతుంది.

2019లో 'ది మాండలోరియన్' సిరీస్‌తో బాగా పేరొచ్చిన ఎల్ఈడీ తెర ఈ తలనొప్పిని చాలావరకు తీరుస్తుంది. తెర మీద కదిలే వీధే కారుకు వెలుతురు, బానెట్ మీద ప్రతిబింబం. అయితే ప్లేట్లు షూటింగ్‌కు ముందే సిద్ధంగా ఉండాలి. ఫోకస్ నేరుగా తెర మీద పడితే అలల్లాంటి గీతలు రావచ్చు. పైగా ఆ వెలుతురు మెత్తనిది, మిట్టమధ్యాహ్నపు ఎండ దాని వల్ల కాదు. దానికి వేరే లైటు పెట్టాల్సిందే. డబ్బుంటే వాన, సాయంత్రం, నగరపు వీధుల సీన్లకు నా ఓటు దీనికే.

రాత్రి సీనా? అయితే ఈ ఖర్చంతా అక్కర్లేదు. కారును చీకటి షెడ్డులో నిలబెట్టండి. వీధి దీపాలు దాటుతున్నట్టు ఒకరు లైటును ముందు నుంచి వెనక్కి తిప్పాలి. దూరంగా వెనక రెండు చిన్న దీపాలను జంటగా మెల్లగా కదిలిస్తే, ఫోకస్ లేని ఆ చుక్కలే వెంటాడే కారు. బంపరు కింద పలక పెట్టి ఒకరు అప్పుడప్పుడు ఎత్తితే చాలు. చాలామంది ఇక్కడే అతి చేస్తారు. మంచి రోడ్డు మీద కారు అంతలా ఊగదు. దీన్నే పూర్ మ్యాన్స్ ప్రాసెస్ అంటారు. పేరుకే పేదది, చీకట్లో నాసిరకం గ్రీన్ మ్యాట్ కంటే నూరు రెట్లు నయం.

చిల్లర దొంగాటలు అన్నిటికీ సరిపోతాయి. వెనక సీటువాళ్ల ముఖాలు కనబడాలని హెడ్‌రెస్టులు, కెమెరాకు అడ్డమని లోపలి అద్దం పీకేస్తారు. ఒక్కోసారి ముందు అద్దమే ఉండదు. వేగం కోసం సెకనుకు 24 బదులు 20 ఫ్రేములు తీసి మామూలుగా ఆడిస్తే కారు 1.2 రెట్లు వేగంగా పోతుంది. ఫ్రేములో నడిచే మనిషి ఉంటే మాత్రం ఇది వద్దు, అతనూ పరుగెత్తినట్టే ఉంటాడు.

ఇక ఏ తెరా కాయలేనిది ఒకటుంది: తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పుతూ, డైలాగు మొత్తం పక్క సీటు వైపే చూసి చెప్పే నటుడు.