చర్మానికి చేయించుకున్న చిన్న ఆపరేషన్లు: కొన్నేళ్ల తరువాత నా అభిప్రాయం

చర్మానికి చేసే చిన్న శస్త్రచికిత్సల గురించి చాలామంది కట్టు విప్పిన వారానికే అభిప్రాయం చెప్పేస్తారు. 2018, 2022 సంవత్సరాల మధ్య శ్రీకాకుళంలో నేను మూడు రకాలు చేయించుకున్నాను. వాటిలో ఏది మళ్లీ వచ్చింది, ఏది మచ్చ మిగిల్చింది అన్నది ఇప్పుడు మాత్రమే చెప్పగలుగుతున్నాను.

మొదటిది అరికాలిది. రోజంతా నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం కావడంతో, కుడి మడమ దగ్గర గట్టిపడిన చోటును ఆనెకాయ అనుకున్నాను. మా అత్తవారిది ఉద్దానం, జీడితోటల ఇల్లు. జీడిపిక్క నూనె రాయమంటే రాశాను. చుట్టూ ఉన్న మంచి చర్మం కాలి పొక్కిందే తప్ప ఆ గట్టి భాగం కదలలేదు. తరువాత ఒకచోట బ్లేడుతో చెక్కి పంపారు. మూడు నెలల్లో పక్కన మరో రెండు పుట్టాయి. చివరికి చర్మవైద్యురాలు పైపొర గీకితే లోపల నల్లటి చుక్కలు కనిపించాయి. నిలువుగా నొక్కినప్పటి కంటే రెండు పక్కల నుంచి నొక్కినప్పుడు నొప్పికి విలవిలలాడాను. అది ఆనెకాయ కాదు, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే పులిపిరి. ఆనెకాయకు ఒత్తిడి కారణం కనుక చెప్పులు మార్చినా తగ్గుతుంది, పులిపిరికి చెప్పులతో పనిలేదు.

మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌తో మూడు వారాలకోసారి చొప్పున ఐదుసార్లు గడ్డకట్టించారు. చేసేటప్పటి మంట కంటే ఆ రాత్రి సలుపు ఎక్కువ; మర్నాటికి బొబ్బ లేచేది, రెండు రోజులు కుర్చీలో కూర్చునే పాఠం చెప్పాను. రెండోసారికే డబ్బు దండగ అనుకున్నాను. ఐదోసారి తరువాత అరికాలి గీతలు ఆ చోట మళ్లీ కనిపించాయి, నయమైనట్టు గుర్తు అదేనట. ఇంతవరకు తిరిగి రాలేదు. అయితే అదే పద్ధతిలో వేలి మీద తీసిన పులిపిరి చోట మాత్రం ఏడాదిపాటు తెల్లమచ్చ ఉండిపోయింది. మన చామనఛాయకు ఈ సంగతి ముందే చెప్పవలసింది.

మెడ మీద వేలాడే చిన్న తోక పులిపిర్లను మత్తు క్రీము రాసి కరెంటుతో కాల్చారు. పది నిమిషాల పని, వెంట్రుకలు కాలిన వాసన, వారంలో పక్కులు రాలిపోవడం, అంతే. మళ్లీ కొత్తవి వచ్చాయి, కానీ తీసినవి కావు. షుగరు ఉన్నవారిలో ఇవి ఎక్కువని పరీక్ష చేయిస్తే నాకు హద్దు మీద ఉంది. మెడ నునుపు కంటే ఆ కబురే నాకు పనికొచ్చింది.

వీపు మీది గడ్డ కథ వేరు. జనం కొవ్వుగడ్డ అంటారు గానీ, నా గడ్డలో ఉన్నది కొవ్వు కాదు, ఒక సంచిలో పేరుకున్న కెరటిన్, అంటే చర్మం పైపొరలో ఉండే ప్రోటీన్. 2021 మే ఎండల్లో అది చీము పడితే ఒకచోట గాటు పెట్టి పిండేశారు. ఆ సాయంత్రానికే హాయిగా ఉంది, సంక్రాంతికి మళ్లీ అదే చోట తేలింది. సంచి లోపలే ఉండిపోతే అంతే మరి. 2022 అక్టోబరు మొదట్లో, వాపు ఏమీ లేని సమయం చూసి, ఆ చోటు మొద్దుబారేలా లిగ్నోకైన్ అనే మత్తు సూది వేసి సంచిని చిట్లకుండా తీశారు. సూది చురుక్కుమన్నాక లాగుతున్నట్టు తెలిసిందే తప్ప నొప్పి లేదు. గడ్డను బయాప్సీకి పంపారు, ఐదు కుట్లు వేశారు. కోసే ముందు, చెవి కుట్టించుకున్నచోట మచ్చ ఉబ్బిందా అని అడిగారు. కెలాయిడ్ తత్వం, అంటే మచ్చ గాయం హద్దు దాటి ఉబ్బే గుణం, ఉంటే వీపు మీద కోత గురించి మళ్లీ ఆలోచించాలట. నాకు లేదు.

ఇందులో తప్పు నాదే. పన్నెండు రోజులు బరువు ఎత్తవద్దని, వీపు సాగదీయవద్దని చెప్పినా, కుట్లతోనే విజయనగరం సిరిమాను చూడడానికి వెళ్లాను. జనంలో ఎవరిదో మోచెయ్యి తగిలి ఒక కుట్టు ఊడింది. గడ్డ మళ్లీ రాలేదు గానీ, జాకెట్టు అంచు రాసుకునే చోట ఆ గీత నేటికీ వేలెడు వెడల్పున ఉంది. మిగతా నాలుగు కుట్ల చోట వెతికితే గానీ కనిపించదు.