ప్యాకెట్ ఆలస్యం తగ్గాలంటే ఏది మేలు: ఏఓడీవీనా, ఓఎల్‌ఎస్‌ఆరా?

టవర్ లేదు, రౌటర్ లేదు. చేతిలో ఉన్న పరికరాలే ఒకదాని ప్యాకెట్‌ను (డేటా ముక్కను) ఇంకొకటి అందుకుని ముందుకు పంపాలి. వరదల్లో టవర్లు మూగబోయినప్పుడు సహాయ బృందాలు మాట్లాడుకోవడానికి ఇలాంటి మొబైల్ ఆడ్ హాక్ నెట్‌వర్క్ పనికొస్తుంది. అందుకే ఇందులో ఆలస్యం లెక్క నాకు పరీక్ష మార్కుల కోసం వేసే లెక్కలా అనిపించదు.

ఇలాంటిచోట ప్యాకెట్ ఏ దారిన పోవాలో తేల్చే పద్ధతులే (రౌటింగ్ ప్రోటోకాల్‌లే) ఏఓడీవీ, ఓఎల్‌ఎస్‌ఆర్. ఏఓడీవీ 2003 జులైలో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరసలో ఆర్‌ఎఫ్‌సీ 3561గా వచ్చింది, ఓఎల్‌ఎస్‌ఆర్ అదే ఏడాది అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 3626గా. మొదటిది అవసరం పడ్డాకే దారి అడుగుతుంది. రెండోది ఎవరు మాట్లాడినా మాట్లాడకపోయినా దారులన్నీ ముందే కనుక్కుని పెట్టుకుంటుంది. వినగానే రెండోదే మేలనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఏఓడీవీలో దారి వెతకడం ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం. గమ్యం 5 హాప్‌ల దూరంలో ఉంది (ఒక పరికరం నుంచి పక్కదానికి చేరడం ఒక హాప్), మధ్యలో ఎవరికీ దారి తెలియదు. మొదట 1 హాప్ దాకా అడిగి 240 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. జవాబు రాదు. తర్వాత 3 హాప్‌ల దాకా అడిగి మరో 400 ఆగుతుంది. ఆ తర్వాత 5 హాప్‌ల దాకా అడిగితేనే గమ్యం దొరుకుతుంది. ఇవన్నీ ఆ ఆర్‌ఎఫ్‌సీలో రాసి ఉన్న డిఫాల్ట్ విలువల నుంచి వచ్చిన అంకెలే. అంటే 640 మిల్లీసెకన్లు వెయిటింగ్‌కే పోయాయి. 20 మిల్లీసెకన్లకో వాయిస్ ప్యాకెట్ చొప్పున ఈలోపు 32 ప్యాకెట్లు క్యూలో చేరాయి. ఫోన్ మాటకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ చెబుతుంది. ఈ 32లో 25 ప్యాకెట్లు బయలుదేరకముందే ఆ హద్దు దాటేశాయి. "పడవ పంపండి" అన్న మాటలో మొదటి ముక్క వాటిలోనే ఉండొచ్చు.

ఓఎల్‌ఎస్‌ఆర్‌లో ఈ బాధ లేదు. దారి సిద్ధంగా ఉంటుంది కాబట్టి మొదటి ప్యాకెట్ కూడా వెంటనే కదులుతుంది. చిక్కల్లా మనుషులు కదిలినప్పుడే. 2 సెకన్లకొకసారి పొరుగు పరికరాలకు హలో అనే చిన్న సందేశం పంపుతుంది, పొరుగువాడి ఆచూకీని 6 సెకన్ల దాకా నమ్ముతుంది. కింది పొర (రేడియో లింకును చూసుకునే భాగం) నుంచి లింకు తెగిందన్న కబురు అందకపోతే, ఆ 6 సెకన్లూ లేని మనిషికే ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది. వాయిస్ అయితే 300 ప్యాకెట్ల దాకా గల్లంతే.

అసలు మోసం సగటులో ఉంది. సిమ్యులేషన్‌లో ఆలస్యం లెక్క కట్టేది చేరిన ప్యాకెట్లకే. రెండింటికీ తలా 100 ప్యాకెట్లు ఇచ్చామనుకోండి. ఓఎల్‌ఎస్‌ఆర్ 70 చేర్చింది, అన్నీ 20 మిల్లీసెకన్లలో: సగటు 20. ఏఓడీవీ 95 చేర్చింది, 85 ప్యాకెట్లు 20లో, దారి కోసం ఆగిన 10 మాత్రం 600లో: సగటు 81. గ్రాఫ్‌లో ఓఎల్‌ఎస్‌ఆర్ నాలుగు రెట్లు వేగంగా కనిపిస్తుంది. పోయిన 30 ప్యాకెట్లు ఆ గ్రాఫ్‌లో ఎక్కడా లేవు! ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఒక్క సగటు గీత చూసి విజేతను ప్రకటిస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. డెలివరీ శాతాన్ని పక్కనే పెట్టాలి, మొదటి ప్యాకెట్ల ఆలస్యాన్ని మిగతావాటి నుంచి విడదీసి చూపాలి.

ఏఓడీవీలాగే అవసరం పడ్డాకే దారి వెతికే మరో ప్రోటోకాల్ డీఎస్‌ఆర్ సంగతీ అడుగుతారు. దాస్, పెర్కిన్స్, రాయర్ 2000లో చేసిన ఏఓడీవీ-డీఎస్‌ఆర్ పోలికలో నోడ్లు (పరికరాలు), ట్రాఫిక్, కదలిక తక్కువగా ఉన్నప్పుడు అది బాగా నిలబడింది, ఒత్తిడి పెరిగాక ఏఓడీవీ ముందుకెళ్లింది. పాతబడ్డ దారుల్ని కాష్‌లోంచి (దాచుకున్న దారుల జాబితాలోంచి) తీసేసే ఏర్పాటు సరిగా లేకపోవడం దాని బలహీనత. పెద్ద నెట్‌వర్క్‌కి నేను దాన్ని ఎంచుకోను.

శిబిరంలో పరికరాలు దాదాపు ఉన్నచోటే ఉండి, ఎవరు ఎప్పుడైనా ఎవరితోనైనా మాట్లాడే పరిస్థితి ఉంటే ఓఎల్‌ఎస్‌ఆర్ మేలు. బృందాలు పడవల్లో తిరుగుతూ, మాట్లాడే జంటలు కొన్నే అయితే నా ఓటు ఏఓడీవీకే. కదిలేచోట కూడా ఓఎల్‌ఎస్‌ఆరే వాడక తప్పకపోతే హలో వ్యవధిని 2 సెకన్ల నుంచి అర సెకనుకు దించి చూడండి. పొరుగువాడి ఆచూకీని నమ్మే గడువు కూడా అదే లెక్కన తగ్గి, తెగిన లింకు సెకనున్నరలో తెలిసిపోతుంది. కాకపోతే హలోలు నాలుగింతలవుతాయి, అవీ అదే ఛానల్ మీద పోవాల్సినవే. నోడ్లు కిక్కిరిసి ఉంటే క్యూలు పెరిగి, తగ్గించిన ఆలస్యం అటువైపు నుంచి మళ్లీ వస్తుంది. కాబట్టి ఆ మార్పును ముందు మీ నోడ్ల సంఖ్యతోనే నడిపి చూసుకోండి.