భీమిలి: బీచ్‌కు వీపు తిప్పి చూడవలసిన ఊరు

విజయనగరంలో ఉండేవారికి భీమిలి అంటే సెలవు రోజు సాయంత్రం పిల్లలను తీసుకెళ్లి, అలల్లో కాళ్లు తడుపుకుని, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిని, చీకటి పడేలోగా తిరిగివచ్చే బీచ్. అందులో తప్పేమీ లేదు గానీ, సందర్శకుడి దృష్టితో ఆ ఊరికి మార్కులు వేయమంటే నేను ఇసుకకు కాక, దాని వెనకనున్న పాత రేవు పేటకే ముందు వేస్తాను. గంటస్తంభం, లైట్‌హౌస్, డచ్చివారి సమాధులు, పాత చర్చి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఇవన్నీ ఒక పూటలో చుట్టిరాగలిగినంత దగ్గరగా ఉన్నాయి. చూడవలసింది ఇంత ఉన్న ఊళ్లో చూపించే ఏర్పాటు దాదాపు లేదన్నదే నా ప్రధానమైన ఫిర్యాదు.

చేరుకోవడం సులువే. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో విశాఖ వైపు వెళ్లే బస్సెక్కి తగరపువలసలో దిగితే, అక్కడి నుంచి షేర్ ఆటోలు ఉంటాయి. సొంత బండి ఉన్నవారు మాత్రం జాతీయ రహదారి జోలికి పోకుండా పద్మనాభం మీదుగా వెళ్లాలని నా సలహా. రద్దీ తక్కువన్నది ఒక కారణమైతే, 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగిన చోటు ఆ దారిలోనే ఉండడం రెండో కారణం. వర్తకం కోసం ఈ తీరానికి వచ్చినవారు చివరికి ఏ స్థాయికి ఎదిగారో తెలుసుకుని రేవులోకి అడుగుపెడితే, అక్కడ కనిపించే ప్రతి గోడకూ కొంత అర్థం దొరుకుతుంది.

కొత్తగా వచ్చినవారు ముందుగా అడిగే ప్రశ్న "ఇంతకీ రేవు ఎక్కడ?" అన్నది. విశాఖలో లాగా క్రేన్లు, జెట్టీలు ఉంటాయనుకుని వెతికితే ఏమీ కనిపించదు, ఎందుకంటే ఇక్కడ ఓడలు ఒడ్డుకు వచ్చి ఆగే ఏర్పాటు ఉండేది కాదు. అవి లోతు ఉన్నచోట లంగరు వేసుకుని నిలబడితే, ఇనుప మేకులు లేకుండా పలకలను తాళ్లతో కుట్టి చేసిన పడవలు అలలను దాటుకుంటూ వెళ్లి సరుకును దించి తెచ్చేవి, ఎగుమతులను మోసుకుపోయేవి. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది ప్రధానంగా మన నేత బట్టల కోసం. 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో వారు దీన్ని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లిపోయారు. ఆ తరువాత కూడా రేవు చాలాకాలం బతికింది. దాన్ని దెబ్బతీసినది యుద్ధం కాదు, రైలు. 1890ల దశకంలో వేసిన రైలు మార్గం తీరాన్ని వదిలి విజయనగరం మీదుగా పోయింది. రాయపూర్ నుంచి విజయనగరం వచ్చే మార్గం 1931లో పూర్తి కావడం, 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభం కావడం వెంటవెంటనే జరిగాయి. ఎడ్లబండ్ల మీద భీమిలికి దిగవలసిన సరుకు నేరుగా విశాఖకు రైలెక్కింది. ఒకరకంగా చూస్తే మన విజయనగరం స్టేషను పెద్దదవుతున్నకొద్దీ ఈ రేవు చిన్నదవుతూ వచ్చింది. ఈ నాలుగు ముక్కలు రాసిన బోర్డు ఒక్కటి గంటస్తంభం దగ్గర పెడితే సందర్శకుడికి సగం పని అయిపోతుంది.

ఇక ఈ నడకలో ఎక్కువసేపు ఆగవలసినది డచ్చివారి సమాధుల దగ్గర. హాలండర్స్ గ్రీన్ అని పుస్తకాల్లో పిలిచే ఈ ఆవరణ తీరానికి దగ్గరగానే ఉన్నా, బీచ్‌కు వచ్చేవారిలో చాలామంది దాని పక్కనుంచే వెళ్లిపోతారు. నేను వెళ్లినప్పుడు గేటు దగ్గర వలకు ముడులు వేసుకుంటున్న పెద్దాయన ఒకరు, "అవి దొరల గోరీలు బాబూ, లోపల గడ్డి ఎక్కువుంది, పాముంటాది, సూసుకుని నడవండి" అని హెచ్చరించారు. ఆ ఆవరణలో నాకు దొరికిన మార్గదర్శకత్వం అంతా అదే. కొన్ని సమాధులు శిఖరంలా కూచిగా పైకి లేచినవి, కొన్ని నేలబారుగా పరిచిన పలకలు. సున్నం పెచ్చులూడిన చోట లోపలి ఇటుక వరుసలు బయటపడి, ఉప్పుగాలి ఆ ఇటుకల అంచులను తినేసి, మధ్యలోని సున్నపు గీతలే ఎత్తుగా మిగిలి కనిపిస్తాయి. పలకల మీద చెక్కిన అక్షరాలు నడిమధ్యాహ్నం అసలు కనబడవు. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక్కో అక్షరం వెనక సన్నని నీడ ఏర్పడి, అరిగిపోయాయనుకున్న పేర్లు, సంవత్సరాలు చదవగలిగేంత స్పష్టంగా తేలతాయి. చదవడం కోసం వాటి మీద సుద్ద రుద్దడం, నీళ్లు పోసి గీకడం వంటివి దయచేసి చేయవద్దు. సెల్‌ఫోను టార్చిని పక్కనుంచి వాలుగా పట్టుకుంటే అదే పని జరుగుతుంది. రాళ్ల మీద మేకుతో తమ పేర్లు గీసుకున్న ప్రేమికులకు మాత్రం ఏ సలహా ఇచ్చినా ఆలస్యమే. సముద్రానికి ఇంకా దగ్గరలో ఫ్లాగ్‌స్టాఫ్ శ్మశానం అనే రెండో ఆవరణ ఉంది గానీ, సమయం తక్కువైతే మొదటిదే చూడండి.

లైట్‌హౌస్ ఫొటోకు బాగుంటుంది, అంతకుమించి చెప్పేదేమీ లేదు. గంటస్తంభాన్ని చూసి మన విజయనగరం గంటస్తంభంతో పోల్చి పెదవి విరిచేవారిని చూశాను. ఆ పోలిక అనవసరం, ఎందుకంటే ఇక్కడ స్తంభం కన్నా దాని చుట్టూ ఉన్న వీధులే ఎక్కువ విలువైనవి. పెంకుటిళ్లు, ఎత్తరుగులు, రోడ్డు మలుపులో హఠాత్తుగా ఎదురయ్యే పాత బంగళా ప్రహరీలు చూస్తూ నిదానంగా నడిస్తే, 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇదన్న సంగతి నమ్మబుద్ధవుతుంది. దేశంలోని తొలితరం మునిసిపాలిటీల్లో ఒకటైన ఈ పట్టణాన్ని 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు కాబట్టి ఇప్పుడిది కాగితాల మీద ఒక నగర శివారు మాత్రమే. అయినా ఊరి నడత శివారులా ఉండదు, తన పాటికి తాను బతికే చిన్న పట్టణంలాగే ఉంటుంది.

గోస్తనీ సముద్రంలో కలిసే చోటుకు పొద్దున్నే వెళ్లాలి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా పారి, మన జిల్లాలో తాటిపూడి జలాశయాన్ని నింపి, అక్కడి నుంచి విశాఖ దాహం తీర్చిన తరువాత ఈ నదికి మిగిలే నీరు ఎంతో తెలుసుకోవాలంటే ఇక్కడ నిలబడితే చాలు. ఎండాకాలంలో ఇసుక మేట ముఖద్వారాన్ని సన్నని పాయగా మార్చేస్తుంది. పడవలు ఒడ్డుకు చేరగానే చేపల వేలం మొదలవుతుంది. కానాగంతల బుట్టల చుట్టూ ఆడవాళ్ల బేరాలు, వంజరం వచ్చిన పడవ దగ్గర హోటళ్లవారి తొందర, పక్కనే కాకుల గోల. రేవు పోయింది గానీ తీరపు వర్తకం పోలేదని ఈ హడావిడి చూస్తే తెలుస్తుంది. ఫొటోలు తీసుకోవచ్చు గానీ అడ్డంగా నిలబడకండి, వారికి అది జీవనోపాధి. నదీముఖంలో నీళ్లలోకి దిగడం మాత్రం పూర్తిగా మానుకోవాలి. పైకి నిలకడగా కనిపించే ఆ నీటి కింద లాగుడు బలంగా ఉంటుంది.

ఓపిక ఉన్నవారు ఊరి వెనకనున్న పావురాళ్లకొండ ఎక్కవచ్చు. బౌద్ధ ఆరామపు ఇటుక పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు మిగిలిన ఆ కొండ మీది నుంచి తీరరేఖ మొత్తం కనబడుతుంది. నీడ లేదు, నీళ్లు దొరకవు, కాబట్టి ఎండ ముదరకముందే దిగిపోవాలి.

భోజనం విషయంలో ఊరికి మంచి మార్కులే వేస్తాను. బీచ్ ఎదురుగా ఉన్న మెరుపుల బోర్డుల కన్నా బజారు లోపలి చిన్న మెస్సుల్లో చేపల పులుసు చాలా మేలు; చింతపండు ఘాటుగా, ముక్క చిదరకుండా, అన్నం వేడిగా వడ్డిస్తారు. తీరం వెంట ఒక హోటల్లో నేను ఎంచుకున్న చేపను తూకం వేశారు గానీ ధర చెప్పలేదు. వేపుడు బల్ల మీదికి వచ్చాక బిల్లు చూస్తే కిలోకు బజారు రేటుకు దాదాపు రెట్టింపు వేసి ఉంది, అడిగితే "సైజును బట్టి సార్" అన్నారు. చేప బాణలిలో పడకముందే ధర మాట్లాడుకోవడం మంచిది. శుభ్రమైన మరుగుదొడ్లు తక్కువ. ఆడవాళ్లు, వృద్ధులు వెంట ఉన్నవారు దీన్ని ముందుగానే ఆలోచించుకోవాలి. పాత పేటలో కూర్చోవడానికి బెంచీలు కూడా లేవు, డబ్బంతా బీచ్ వైపే ఖర్చవుతున్నట్టుంది.

చాలామంది ఇదే రోజున ఎర్రమట్టి దిబ్బలను కూడా ముగించాలని చూస్తారు. విశాఖ వెళ్లే తీరపు రోడ్డులో కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న ఆ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. అంతటి చోటును మిట్టమధ్యాహ్నం అలసిపోయిన కాళ్లతో అరగంటలో చూడడం వృథా. దానికి వేరే రోజు పెట్టుకోండి. పాత రేవుకు పనిదినం ఉదయం అన్నిటికన్నా అనువైనది. వేలం, సమాధులు, గంటస్తంభం వీధులు ఈ వరుసలో చూసి, పదకొండున్నరకల్లా మెస్సులో కూర్చుంటే పులుసు అప్పుడే దింపి ఉంటుంది. ఆదివారం సాయంత్రం వెళ్లి తీరవలసినవారు తిరుగు ప్రయాణానికి ఆటోను ముందే మాట్లాడి పెట్టుకోవాలి, ఎందుకంటే ఏడు దాటాక తగరపువలస వైపు వచ్చే ప్రతి ఆటోలోనూ డ్రైవరు పక్కన కూడా ఇద్దరు కూర్చుని ఉంటారు.