నో క్లెయిమ్ బోనస్: పేరు నాది, స్టీరింగు వాళ్లది

కావలిలో మా ఇంట్లో కారు ఒకటే. నడిపేవాళ్లం మాత్రం ముగ్గురం: నేను, ఒంగోలులో ఉద్యోగం చేసే మావాడు, శని, ఆదివారాలు నెల్లూరు నుంచి వచ్చే మా అమ్మాయి. పిల్లలు నడుపుతున్నారని ప్రీమియం పెరగదు. మన దగ్గర పాలసీ బండికి. లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరు నడిపినా అదే రేటు. నో క్లెయిమ్ బోనస్, అంటే ఏడాదంతా క్లెయిమ్ చేయకుంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అలా కాదు, అది ఓనరుది. వాళ్లు గీకినా పోయేది నాదే. 2015 నుంచి దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాను కాబట్టి దాని సంగతే రాస్తాను. ఏ కంపెనీ మంచిదని నన్ను అడగొద్దు.

క్లెయిమ్ లేకుండా గడిపిన కొద్దీ 20, 25, 35, 45 అంటూ ఐదేళ్లకు 50 శాతం దగ్గర ఆగుతుంది. నేను అక్కడికి చేరిన మరుసటి ఏడాదే, 2021లో, మావాడు రివర్సు చేస్తూ మా గేటు దిమ్మకే కొట్టాడు. బంపరు చీలింది, పైన డిక్కీ తలుపు సొట్టపోయింది. సర్వీసు సెంటర్లో 9,200 ఎస్టిమేటు వేసి, "క్లెయిమ్‌లో పెట్టేద్దాం సార్, మీరెందుకు కట్టుకోవడం" అన్నారు.

ఇంటికొచ్చి కరెంటు బిల్లు వెనకాల లెక్క వేశాను. బోనస్ తీయకముందు నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేది, సుమారు 6,000, నేను కడుతున్నది 3,000. క్లెయిమ్ చేస్తే బోనస్ సున్నాకు పడి మళ్లీ మెట్టుమెట్టుగా ఎక్కాలి. మొదటి ఏడు 3,000 ఎక్కువ కట్టాలి, తర్వాత 1,800, 1,500, 900, 300. మొత్తం 7,500, దానిపైన 18 శాతం జీఎస్టీ, వెరసి 8,850. అంత పోగొట్టుకుంటే వచ్చేదెంత? పార్టుల పాతదనానికి కోత పెట్టకుండా ఇచ్చే జీరో డెప్ కవరు నాకు లేదు. బంపరు ప్లాస్టిక్కు కాబట్టి దాని ధరలో సగమే ఇస్తారు, పైగా తప్పనిసరి వెయ్యి మన జేబులోంచే. ఎంత లాగినా ఐదు వేలు దాటదు. ట్రంకు రోడ్డు పక్క సందులో టింకరింగ్ షెడ్డు అతను 5,500కి చేసిచ్చాడు. రంగు ఎండలో చూస్తే కాస్త తేడా తెలుస్తుంది, అది వేరే విషయం. కారు విలువతో పాటు ప్రీమియం కూడా ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి నా నష్టం 8,850 కంటే కొంత తక్కువే ఉండేదని తర్వాత తట్టింది. అయినా అప్పుడు ఆగడమే మంచిదైంది.

ఎందుకంటే 2023లో పాత కారు కందుకూరు వాళ్లకు అమ్మాం. బోనస్ కూడా కారుతో పాటే పోతుందనుకున్నాను. పోదట! అమ్మిన కాగితాలు, ఆర్సీ నకలు ఇస్తే బోనస్ నిలబెడుతూ కంపెనీ ఒక లెటరు ఇస్తుంది, మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. ఆ ఒక్క కాగితం చూసి ఎంత మురిసిపోయానో!

ఆ లెటరు పట్టుకుని నలుగురం నెల్లూరు షోరూముకు పోయాం. "నాయనా, బండి నా పేరు మీద తీసుకుందాం, లోను తేలిగ్గా వస్తుంది" అన్నాడు మావాడు. కౌంటరులోని అమ్మాయి లెటరు చూసి, "ఇది బాబు బండికి పనికిరాదు సార్, మీ పేరు మీద తీసుకుంటేనే" అంది. తండ్రి నుంచి కొడుక్కి కూడా రాదా అని అడిగాను. "ఓనరు పోతే వారసులకు వస్తుంది సార్" అని నాలిక్కరుచుకుంది. మా ఆవిడ ఆ పిల్లను చూసిన చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు. మావాడు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

చివరికి నా రిటైర్మెంటు డబ్బుతో నా పేరు మీదే కొన్నాం, మావాడు నెలనెలా నాకు కడుతున్నాడు. ఓన్ డ్యామేజ్ 18,600 అయితే 9,300కి వచ్చింది. బిల్లు మొత్తం సగమైందనుకోకండి. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ మూడేళ్లకు 10,640, దాని మీద బోనస్ పైసా కూడా తగ్గదు. నా డిపాజిట్ మీద పోయిన వడ్డీని మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి ఏడాది తర్వాత తెలిసింది. ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల యాక్సిడెంట్ కవరు నా ఒక్కడికే. ఒంగోలు హైవే మీద రోజూ తిరిగేది మావాడు. నేను నడిపేది కూరగాయల మార్కెట్టు దాకా. పేరు నాది పెట్టి మిగిల్చిన దాంట్లోంచి వాడికి విడిగా ఒక యాక్సిడెంట్ పాలసీ తీశాను. కాస్త ఊరట ఏమిటంటే, స్కూటరు కూడా నా పేరు మీదే ఉంది. ఓనరు ఒక్కడే అయితే ఆ కవరు ఒకసారి తీసుకుంటే చాలు, రెండో బండికి అక్కర్లేదు. అంతకుముందు ఏళ్లపాటు రెండింటికీ కట్టాను, ఏజెంటు ఒక్కసారీ చెప్పలేదు.

మా పరిస్థితికి ఇది సరిపోయింది: చేతిలో డబ్బుంది, పిల్లలకింకా పెళ్లి కాలేదు, కారు మా వాకిట్లోనే ఉంటుంది. రేపు మావాడు వేరు కాపురం పెట్టి కారు కొనుక్కుంటే వాడి బోనస్ సున్నా నుంచి మొదలు. ఇప్పుడే వాడి పేరు మీద కొనుంటే ఈపాటికి వాడికీ కొంత చేరేదేమో.

పోయిన ఆదివారం మా అమ్మాయి ఎడమ తలుపు మీద పొడుగాటి గీత తెచ్చింది. సైకిలు తగిలిందంటుంది. షెడ్డులో 1,800 అడిగారు. క్లెయిమ్ మాట ఎత్తలేదు, సగం నువ్వు పెట్టుకో అన్నాను. ఇంకా బేరమాడుతోంది.