మనవరాలి ప్రింటు కెమెరా: పర్లాకిమిడి స్టూడియోవాడి అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, ఈ కెమెరా తీసే ఫొటో బాగుండదు. అయినా కొనమనే అంటాను. ఈ రెండు మాటలకూ పొంతన కుదర్చడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు ఫొటో స్టూడియో ఉంది. ఎర్ర బల్బు వెలుగులో, ఫొటోను చెరగకుండా నిలిపే హైపో మందు వాసనలో పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు దుకాణం నడిచేది పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్, జిరాక్సుల మీదే. మనవరాలికి ఆరేళ్లు, మనవడికి నాలుగు. కోడలు ఫోను దాచడం, వీళ్లు వెతికి పట్టుకోవడం ఇంట్లో నిత్యం జరిగే తంతు. అది చూడలేక, తీసిన ఫొటోను అక్కడికక్కడే కాగితం మీద అచ్చు వేసి ఇచ్చే పిల్లల కెమెరా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు వేల లోపే. పెట్టె మీద పేరున్న కంపెనీ ఏదీ లేదు. ఇదే సరుకును పిల్లి చెవులు పెట్టి ఒకరు, కుందేలు చెవులు పెట్టి ఇంకొకరు అమ్ముతున్నారు.

పెట్టె మీద నలభై మెగాపిక్సెళ్లని కొట్టొచ్చినట్టు వేశారు. ఒక ఫొటోను స్టూడియో కంప్యూటర్‌లో తెరిచి పెద్దది చేసి చూశాను. అసలు సెన్సర్ ఒకటి రెండు మెగాపిక్సెళ్లకు మించదని నా అంచనా. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ సాగదీసిన పిండి. ఫోకస్ కదలదు కాబట్టి అడుగున్నర కంటే దగ్గరికి వెళ్తే బొమ్మ అలుక్కుపోతుంది. పిల్లలేమో చీమ కనిపిస్తే చీమ మీదికే లెన్సు ఆనిస్తారు. ఇంట్లో ట్యూబులైటు కింద తీస్తే ఇసుక చల్లినట్టు వస్తుంది. బటన్ నొక్కిన క్షణానికీ ఫొటో పడే క్షణానికీ మధ్య ఎడం ఉంది, ఆలోపే వీళ్లు కెమెరా దించేస్తారు. అందుకే మొదట్లో అన్నీ గచ్చు ఫొటోలే వచ్చాయి. దీనికి మందు కనిపెట్టాను: నొక్కాక మనసులో మెల్లగా 'మహేంద్రతనయ' అనుకోవాలి, ఆ తర్వాతే దించాలి. మా ఏటి పేరు పొడుగ్గా ఉండడం ఇలా పనికొచ్చింది.

ప్రింటు సంగతి వేరు. ఇందులో సిరా ఉండదు. కార్డు మెషినులోంచి రసీదు వచ్చే కాగితం లాంటిదే ఇదీ. పైపూతలోని రసాయనం వేడి తగిలిన చోట నల్లబడుతుంది. ఉన్నవి నలుపూ తెలుపే, మధ్యలో బూడిద రంగు లేదు. చుక్కలను ఒకచోట ఒత్తుగా, ఇంకోచోట పలచగా పెట్టి కంటిని మభ్యపెడుతుంది. మా ఊరి కొమ్ము పనివారు చేసిన కొంగ బొమ్మ ఒకటి ఇంట్లో ఉంది. మనవరాలు దాన్ని సున్నం గోడ ముందు పెట్టి తీసింది. నల్లటి కొమ్ము, తెల్లటి గోడ, వంకర తిరిగిన మెడ... ఈ చవక యంత్రం దాన్ని మాత్రం ఎంతో బాగా దించింది. మనుషుల మొహాలకు వచ్చేసరికి వెలుతురు ఏమాత్రం తప్పినా నల్ల ముద్దే. కాగితం దండగయిందని కోడలు కోప్పడితే ఆ పిల్ల తనంతట తానే దారి వెతుక్కుంది. ఇప్పుడు మా ఆవిడను వంటింట్లోంచి అరుగు మీదికి లాక్కొచ్చి, "మామ్మా, ఇటు తిరుగు, వెలుగు నీ మొహం మీద పడాలి" అంటోంది. నా దగ్గర పనికి చేరిన కుర్రాళ్లకు ఈ ముక్క ఎక్కించడానికి నాకు నెలలు పట్టేది. ఫోనులో అయితే చీకటి మొహాన్ని ఫోనే తేల్చి పెడుతుంది, పిల్ల వెలుతురు వైపు చూడనే చూడదు.

అసలు ఉపయోగం సంతలో తెలిసింది. కొండల మీది నుంచి సవరలు అనాస పండ్లు, పసుపు, కొండ చీపుర్లు తెచ్చి అమ్ముతారు. పెద్ద లెన్సులు వేసుకొచ్చి వాళ్ల మొహాలు తీసుకుపోయేవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. ఒక్కరూ అడగరు, తీసిన ఫొటో తిరిగి తెచ్చివ్వరు. అందుకని పిల్లకు ఒకటే షరతు పెట్టాను: అడగాలి, సరేనంటేనే తీయాలి, మొదటి ప్రింటు వాళ్లదే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. "మావుసీ, ఫొటో తీయనా?" అని ఒడియాలో అడిగింది. చీపుర్లమ్మే ఆవిడ నవ్వి కొంగు సర్దుకుంది. కాగితం బరబరమని బయటికి వస్తుంటే పక్క బేరాలన్నీ ఆగిపోయాయి. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బులున్న ముడిలోనే దోపుకుంది. పక్కనే పసుపు అమ్మే ఆవిడ మాత్రం వద్దని చెయ్యి ఊపింది. మనవరాలు కెమెరా దించేసి నా వైపు చూసింది. పద, అన్నాను. ఫొటో కెమెరాలోని మెమరీ కార్డులో ఉంటుంది కాబట్టి మనకు కావలసిన కాపీని తర్వాత ఇంటికొచ్చి తీసుకోవచ్చు.

ఆ కాగితం ఎన్నాళ్లు నిలుస్తుందంటారా? మా ఎండల్లో, చెమటలో నెలలు కూడా గట్టిగా చెప్పలేను. వేడి తగిలితే నల్లబడుతుంది, నూనె చేతులు పడితే వెలిసిపోతుంది. నచ్చిన ప్రింటును లామినేషన్ చేయించాలని మాత్రం అనుకోకండి. రోలర్ల వేడికి కాగితం మొత్తం నల్లగా మాడి బయటికొస్తుంది. రసీదులు పట్టుకుని నా దుకాణానికి వచ్చేవారికి ఇది చెప్పీ చెప్పీ నోరు అరిగింది. ముఖ్యమైనవి కార్డులోంచి మామూలు ఫొటో కాగితం మీద వేయించుకోండి.

కాగితం కొనేటప్పుడు బిస్ఫెనాల్-ఎ లేదని రాసి ఉన్నదే తీసుకోండి. ఇలాంటి కాగితంలో ఆ రసాయనం వాడకాన్ని యూరప్‌లో 2020 నుంచి బరువులో 0.02 శాతం లోపుకు కట్టడి చేశారు. మా మనవడు ప్రింటు రాగానే నోట్లో పెట్టుకునే రకం, అందుకే చెబుతున్నాను. కార్డు మెషిన్లకు వాడే 57 మిల్లీమీటర్ల రోలు వెడల్పు దీనికి సరిపోయింది కానీ చుట్ట లావెక్కువ. కొంత కత్తిరించి సన్నగా చుట్టి పెడుతున్నాను.

ఇక ఆటలు. కెమెరాలో పాము ఆట, ఇటుకల ఆట, ఫొటో చుట్టూ గుండెకాయల చట్రాలు ఎవరు అడిగారు? మనవడు కెమెరా చేతికి రాగానే పాము దగ్గరికే పోతున్నాడు. ఫోను మాన్పించడానికి కొన్నదానిలో ఫోను జబ్బే పెట్టి అమ్మారు. ఆటలు లేని రకాలు కూడా దొరుకుతున్నాయి, వంద రూపాయలు ఎక్కువైనా అవే కొనండి.

పిల్లల కోసం చవక కెమెరా అనేది కొత్త ఆలోచనేమీ కాదు. కొడాక్ వాళ్లు 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ అని అట్టపెట్టె కెమెరా తెచ్చారు, పిల్లలకనే ప్రచారం చేసి అమ్మారు. రోలుకు ఆరే ఫొటోలు. నౌపడ నుంచి మా ఊరికి రాజాగారి చిన్న రైలు నడిచిందీ ఆ ఏడాదే. ఆరే అన్నప్పుడు ఏది తీయాలో ఎంచుకోక తప్పదు. అందుకే నేను కూడా పెద్ద రోలు పెట్టను, కొంచెమే చుట్టి ఇస్తాను.

తీసిన వెంటనే ఫిలిం మీదే ఫొటో ఇచ్చే ఫ్యూజీఫిల్మ్ ఇన్‌స్టాక్స్ మినీ కెమెరా కొనవచ్చు కదా అని మా అబ్బాయి అన్నాడు. రంగులు వస్తాయి, ఫొటో నిలుస్తుంది, నిజమే. కానీ ఒక ప్యాకులో పది ఫిలింలే. ఒక్కో నొక్కుడుకు పదుల రూపాయలు పోతుంటే, పిల్ల నొక్కిన ప్రతిసారీ పెద్దవాళ్ల ప్రాణం గిలగిలలాడుతుంది. పదేళ్లు దాటాక చూడవచ్చు.

వచ్చిన మెడతాడు తీసేసి మణికట్టుకు తగిలించే చిన్న తాడు కట్టండి. లాగితే ఊడిపోయే కొక్కెం ఆ మెడతాడుకు లేదు, నాలుగేళ్లవాడు కిటికీ ఊచలు ఎక్కుతాడు. బ్యాటరీ లోపలే ఉంటుంది, మార్చే వీలు లేదు. వరసగా ప్రింట్లు తీస్తే వెనక భాగం వేడెక్కుతోంది, అప్పుడు కాసేపు పక్కన పెట్టించాలి. రాత్రంతా చార్జింగులో వదలకండి.