నేను లెక్కలు కొట్టిన ఆఫీసు డబ్బా, ఇప్పుడు తమ్ముడి గేమింగ్ పీసీ

ఆరేళ్ళు ఈ డబ్బా ముందే కూర్చున్నాను. ఇన్వాయిస్‌లు, లెడ్జర్లు, నెలాఖరు రిపోర్టులు అన్నీ ఇందులోనే కొట్టాను. పొద్దున స్విచ్ నొక్కి, సీసాలో నీళ్ళు పట్టుకుని తిరిగొచ్చినా తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఆఫీసులో కొత్త మిషన్లు దిగాక, పాతవి కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళొచ్చన్నారు. నాది నేనే అడిగి తెచ్చుకున్నాను. గేమ్స్ ఆడుకోవడానికి కంప్యూటర్ కావాలని తమ్ముడు ఏడాదిగా అడుగుతున్నాడు. కొత్తది కొనిచ్చే పరిస్థితి లేదు. ఇది ఎంతవరకు పనికొస్తుందో చూద్దామనుకున్నాను.

ఎనిమిది నెలలుగా వాడు రోజూ దీని మీదే ఆడుతున్నాడు. ఇదే పని చేద్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని, మాకు కలిసొచ్చినవీ ఎదురుదెబ్బ తగిలినవీ రాస్తున్నాను.

ముందు సరుకు ఏమిటో చెప్తాను. ఇంటెల్ 4వ తరం ఐ5-4590 ప్రాసెసర్, 2014లో వచ్చింది. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు), 3.3 గిగాహెర్ట్జ్ నుంచి 3.7 దాకా వెళ్తుంది. 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, అదీ ఒకే స్టిక్. 500 జీబీ హార్డ్ డిస్కు. నిలువుగా ఉండే టవర్ క్యాబినెట్, 290 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె). విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మేం పెట్టినవి మూడు: 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు), ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు. మొత్తం ఖర్చులో సగం కన్నా ఎక్కువ కార్డుకే పోయింది.

అయితే ఏదీ కొనకముందే మూత తీయమని నా మాట. మేం తీసిన రోజు లోపల దుమ్ము పొడిలా లేదు, దుప్పటిలా ఉంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య బూడిదరంగు పొర పేరుకుపోయింది. వేలితో లాగితే గుడ్డముక్కలా ఒకే చుట్టగా ఊడి వచ్చింది. అంటే ఆ ఫ్యాన్ ఎన్నేళ్ళుగానో గాలిని హీట్‌సింక్‌లోకి కాకుండా ఆ పొర మీదికి ఊదుతోంది. పెయింట్ బ్రష్‌తో దులిపాం. దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి, ఊరికే గిరగిరా తిరగనివ్వకూడదు. హీట్‌సింక్ విప్పేముందు ఓ పది నిమిషాలు మిషన్ నడిపి, ఆపి, ప్లగ్ తీసేయండి. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ కాస్త మెత్తబడి సులువుగా వదులుతుంది. మాది అప్పటికే సుద్దలా మారిపోయింది, గోకితే పొడిపొడిగా రాలింది. మెత్తని గుడ్డతో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి బిగించాం. అంతకుముందు బరువైన పని ఇస్తే ప్రాసెసర్ 88 డిగ్రీలకి వెళ్ళేది. ఆ తర్వాత అదే పనికి 67 దాటలేదు. పేస్ట్ ట్యూబు తప్ప ఇంకేమీ కొనకుండానే 21 డిగ్రీలు దిగింది.

మదర్‌బోర్డు మీద ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, అదీ అప్పుడే మార్చేశాం. ఇన్నేళ్ళ మిషన్లో అది చివరికి వచ్చేసి ఉంటుంది. అది పోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తుంది, బయోస్ (మిషన్ మొదలయ్యేటప్పుడు నడిచే ప్రోగ్రాం) సెట్టింగ్స్ మరిచిపోతుంది.

ఇక గ్రాఫిక్స్ కార్డు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే, మేమూ పడబోయాం. తమ్ముడు ముందు చూపించిన కార్డుకి ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి విడిగా 6 పిన్నుల పవర్ కేబుల్ కావాలి. మా ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ఆ కేబులే లేదు. "అయితే పెద్ద ఎస్‌ఎమ్‌పీఎస్ కొందాం అక్కా" అన్నాడు. ఆ సాయంత్రం టార్చి వేసుకుని బోర్డు వైపు చూస్తే అసలు సంగతి తెలిసింది. బయట దొరికే ఎస్‌ఎమ్‌పీఎస్‌లకి బోర్డులో గుచ్చే కనెక్టర్ 24 పిన్నులది. మా బోర్డుకి ఉన్నది 8 పిన్నులది, ఈ డబ్బా చేసిన కంపెనీ తనకోసం చేసుకున్నది. కన్వర్టర్ కేబుళ్ళు దొరుకుతాయి కానీ, ఎవరు చేశారో తెలియని తీగని నమ్మి మొత్తం మిషన్ని దాని మీద నడపడానికి నాకు మనసొప్పలేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ జోలికి పోకుండా, దానికి సరిపోయే కార్డే వెతుకుదామన్నాను.

మదర్‌బోర్డు మీద పొడవుగా ఉండే గ్రాఫిక్స్ స్లాట్ తనంతట తాను గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వగలదు. ఆ 75 లోపు నడిచే కార్డుకి విడిగా కేబుల్ అక్కర్లేదు. జీటీఎక్స్ 1650 అలాంటిది. దీన్లోనే విడిగా పవర్ కనెక్టర్ పెట్టి చేసినవీ ఉన్నాయి కాబట్టి, కొనేముందు కార్డు పైఅంచు ఫొటో అడిగి చూడాలి. మా లెక్క ఇలా వేసుకున్నాం: ప్రాసెసర్ గరిష్ఠంగా 84 వాట్లు, కార్డు 75, డిస్కులూ ఫ్యాన్లూ బోర్డూ కలిపి ఇంకో 30 వేసుకున్నా 190 దగ్గర ఆగుతుంది. 290లో బోలెడు మిగులు. తర్వాత ప్లగ్ దగ్గర మీటరు పెట్టి చూస్తే ఆట నడిచేటప్పుడు 150, 160 మధ్యే ఉంది.

75 వాట్ల లోపు వేరే కార్డులు లేవా అంటే ఉన్నాయి. జీటీఎక్స్ 1050 టీఐ పాతది, 2016 నాటిది. దానికి గేమ్ డ్రైవర్ల అప్‌డేట్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇక సెక్యూరిటీ సవరణలే. ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 6400 మొదట నాకు బాగా నచ్చింది. 53 వాట్లే తింటుంది, సన్నగా ఉంటుంది. కానీ అది స్లాట్‌లో నాలుగే లేన్లు (డేటా వెళ్ళే దారులు) వాడుకుంటుంది. కొత్త 4.0 తరం స్లాట్‌లో అది చాలు. మా బోర్డుది 3.0 స్లాట్. అందులో ఆ నాలుగు లేన్ల వేగం సగానికి పడిపోతుంది, ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు బాగా నడవాలంటే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం బోర్డులో ఉండాలి, ఇంత పాత ఆఫీసు బోర్డుల్లో అది రాదు. 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 మాత్రం 70 వాట్లలో కేబుల్ లేకుండా నడుస్తుంది, 1650 కన్నా మెరుగైనది. చేతిలో డబ్బు ఉంటే నేను అదే తీసుకునేదాన్ని.

సైజు సంగతి కూడా చెప్పాలి. మాది టవర్ కాబట్టి మామూలు ఎత్తు కార్డు పట్టింది. అయినా హార్డ్ డిస్కు అర అడ్డొస్తుందని ఒకే ఫ్యాన్ ఉన్న పొట్టి కార్డు తీసుకున్నాం. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే సన్నటి డబ్బాలకి పొట్టి పట్టీ ఉన్న లో ప్రొఫైల్ కార్డే పడుతుంది. వాటిల్లో కొన్నింటికి గ్రాఫిక్స్ స్లాట్ పక్కనే ఎస్‌ఎమ్‌పీఎస్ ఆనుకుని ఉంటుంది. అక్కడ రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు దూరనే దూరదు. టేపు పెట్టి కొలుచుకోండి. ఇక అరచేతిలో పట్టే బుల్లి డబ్బాలైతే వాటిల్లో చాలావరకు ఈ స్లాట్ ఉండనే ఉండదు, వాటిని గేమింగ్ కోసం కొనొద్దు.

కార్డు బిగించిన రాత్రి ఇంకో దెబ్బ. ఆఫీసు మానిటర్ నీలిరంగు తలకాయ ఉన్న వీజీఏ కేబుల్‌ది. కార్డు వెనక చూస్తే అలాంటి రంధ్రమే లేదు, హెచ్‌డీఎమ్‌ఐ, డిస్‌ప్లే పోర్ట్, డీవీఐ ఉన్నాయంతే. మర్నాడు హెచ్‌డీఎమ్‌ఐ ఉన్న మానిటర్ తెచ్చి కలిపితే తెర నల్లగా ఉండిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది, కీబోర్డు లైటు వెలుగుతోంది, బొమ్మ లేదు. కార్డే పాడైందనుకుని తమ్ముడి మొహం పాలిపోయింది. కార్డు తీసేసి, పాత మానిటర్ని పాత చోటే గుచ్చి బయోస్‌లోకి వెళ్ళి చూశాను. మొదటి డిస్‌ప్లే దగ్గర బోర్డు సొంత గ్రాఫిక్స్ అని ఖాయం చేసి ఉంది. ఆఫీసులో ఎవరో ఎప్పుడో పెట్టిన సెట్టింగ్. దాన్ని 'ఆటో'కి మార్చి, కార్డు మళ్ళీ గుచ్చి స్విచ్ నొక్కితే తెర వెలిగింది. మీకూ ఇలా అయితే కార్డు వెనక్కి పంపేముందు ఆ సెట్టింగ్ చూడండి. మానిటర్ కేబుల్ కార్డులోనే గుచ్చాలి, బోర్డులో కాదు. ఇది కూడా మరిచిపోయేవాళ్ళు ఉంటారు.

ర్యామ్ గురించి నేను తక్కువ అంచనా వేశాను. 8 జీబీ చాలు, తర్వాత చూద్దాం అన్నాను. కార్డు పెట్టాక జీటీఏ 5 ఆడితే సెకనుకి ఫ్రేములు 60 చూపిస్తున్నాయి. కానీ కారు వేగం పెంచి మలుపు తిప్పితే చాలు, చటుక్కున ఆగి మళ్ళీ కదిలేది. నిమిషానికి రెండు మూడు సార్లు. కార్డు సెట్టింగ్స్ ఎంత తగ్గించినా పోలేదు. రెండో 8 జీబీ స్టిక్ పక్క స్లాట్‌లో కాకుండా, అదే రంగు ఉన్న జత స్లాట్‌లో గుచ్చాం. 1600 వేగం ఉన్న డీడీఆర్3 ఒక్క స్టిక్ సెకనుకి 12.8 జీబీ అందిస్తుంది, జత చేస్తే 25.6. మా ఆటలో ఆ కుదుపు ఆ రోజుతో పోయింది. ల్యాప్‌టాప్ ర్యామ్ ఇందులో పట్టదు. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ చవగ్గా కనిపిస్తుంది, చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ పనిచేయదు.

ఎస్‌ఎస్‌డీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పెట్టాల్సిందే. స్విచ్ నొక్కిన 15 సెకన్లలో డెస్క్‌టాప్ వస్తోంది. పాత హార్డ్ డిస్కు ఆరోగ్యం చూస్తే 31 వేల గంటలు తిరిగినట్టు చూపించింది, అందుకని అందులో పోయినా ఫరవాలేదనుకున్నవే ఉంచుతున్నాం.

విండోస్ దగ్గర మాత్రం నిజం చెప్పాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ సౌకర్యం కూడా కావాలి. అడ్డదారుల్లో ఎక్కించొచ్చు, కానీ వాడి అకౌంట్లు ఉండే మిషన్లో అలాంటివి వద్దన్నాను. విండోస్ బదులు లినక్స్ మింట్ వేశాం. కౌంటర్ స్ట్రైక్ 2 లినక్స్‌కి నేరుగా ఉంది, విండోస్ ఆటలు చాలావరకు ఆటలు అమ్మే స్టీమ్‌లోని ప్రోటాన్ అనే సాధనంతో నడుస్తున్నాయి. నడవనివీ ఉన్నాయి. వాలరెంట్ లినక్స్‌లో రాదు. జీటీఏ 5 కథ నడుస్తుంది, ఆన్‌లైన్ భాగం నడవదు. మీ ఇంట్లో పిల్లలు ఆడేది వాలరెంటే అయితే ఈ పాత మిషన్ మీద డబ్బు పెట్టకండి. ఈ మాట ముందే తెలిస్తే చాలామందికి కన్నీళ్ళు తప్పుతాయి.

ఎలా ఆడుతోందంటే, అన్నీ 1080 రిజల్యూషన్‌లోనే, సెకనుకి ఎన్ని ఫ్రేములో చెప్తున్నాను. జీటీఏ 5 హైలో 60 దగ్గర నిలకడగా ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్ 2 తక్కువ సెట్టింగ్స్‌లో 70 నుంచి 90, పొగ బాంబులు రెండు మూడు ఒకేసారి పడితే 50కి జారుతుంది. ఎల్డెన్ రింగ్‌కి కంపెనీ చెప్పిన కనీస అవసరం ఐ5-8400, జీటీఎక్స్ 1060. మాది రెండిట్లోనూ తక్కువే. అయినా లో, మీడియం కలిపి పెడితే 35, 45 మధ్య నడుస్తోంది, గుర్రం మీద కొత్త ప్రాంతంలోకి దూసుకెళ్తే ఓ క్షణం తడబడుతుంది. ఆ తడబాటు కార్డుది కాదు. అప్పుడు చూస్తే కార్డు 70 శాతంలో తీరిగ్గా ఉంటుంది, ప్రాసెసర్ నాలుగు కోర్లూ వందలో ఉంటాయి. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి) తప్పనిసరి చేసిన కొత్త ఆటలు ఈ కార్డు మీద తెరుచుకోవు.

కొనేవాళ్ళు 2వ, 3వ తరం డబ్బాలు తీసుకోవద్దు. వాటిల్లో ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ సూచనలు ఉండవు, అవి లేకపోతే మొదలే కాని ఆటలు ఇప్పుడు వస్తున్నాయి. 4వ తరంలో ఉన్నాయి. నాలాగా ఊరికే దొరికితే 4వ తరం చాలు. డబ్బు పెట్టి డబ్బానే కొనాలంటే మాత్రం 8వ తరం వెతకండి. ఐ5-8500కి ఆరు కోర్లు, డీడీఆర్4 ర్యామ్, విండోస్ 11 కూడా వస్తుంది. నేనే బయట కొనాల్సి వస్తే 4వ తరం వైపు చూడను.

అలాగని దీన్ని తక్కువ చేయలేను. ఆరేళ్ళు నేను ఈ మిషన్ని ముసలిదనీ, ఇక పని అయిపోయిందనీ అనుకున్నాను. కీబోర్డు మీద విసుక్కున్న రోజులు లెక్కలేనన్ని. తీరా చూస్తే ప్రాసెసర్‌ది ఏ తప్పూ లేదు. ఊపిరాడకుండా కప్పేసిన దుమ్ము, తిరిగి తిరిగి అలసిన డిస్కు, ఒంటరి ర్యామ్ స్టిక్. ఆ మూడూ సరిచేస్తే నా రిపోర్టులు కూడా అప్పుడే ఎంత సుఖంగా అయ్యేవో కదా అని ఇప్పటికీ మనసులో ఉంది.

ఇంకా మిగిలిన పనులు రెండు. ముందువైపు ఫ్యాన్ ఆట మొదలైన పది నిమిషాలకి గట్టిగా హోరుమంటుంది, హెడ్‌ఫోన్ లేకపోతే పక్కగదిలోకి వినిపిస్తుంది. దాని కనెక్టర్ కూడా ఆ కంపెనీ సొంతదే, అందుకని ఇంకా మార్చలేదు. రెండోది ప్రాసెసర్. ఇదే సాకెట్‌లో పట్టే ఐ7-4790కి ఎనిమిది థ్రెడ్లు, అదే 84 వాట్లు, బోర్డు మార్చక్కర్లేదు. వాడిన చిప్పు ఒకటి చూసి పెట్టాడు తమ్ముడు. పేస్ట్ ట్యూబులో ఇంకోసారికి సరిపడా మిగిలే ఉంది.